అభిప్రాయం ప్రొఫెసర్‌ది, మార్కులు మీవి

ప్రశ్న: మా డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకరు సోషల్ మీడియాలో రోజూ రాజకీయాలు రాస్తారు. నేను అభిమానించే పార్టీని ఏకిపారేస్తారు. క్లాసులో మాత్రం పాఠం తప్ప ఇంకో మాట ఉండదు. అయినా నా పేపర్ ఆయనే దిద్దుతారు కదా అని టెన్షన్. ఆయన్ని తీసేయమని మా ఫ్రెండ్స్ సంతకాలు సేకరిస్తున్నారు, నన్నూ పెట్టమంటున్నారు. అకడమిక్ ఫ్రీడమ్ పేరు చెప్పి ఏదైనా అనేయొచ్చా?
– ఒక పీజీ విద్యార్థిని

జవాబు: సంతకం పెట్టకండమ్మా. క్లాసులో పాఠం తప్ప ఇంకో మాట ఉండదని మీరే రాశారు, మరి ఆ కంప్లయింట్ దేని మీద? సాయంత్రం ఇంటికెళ్లాక ఆయన ఏ పార్టీని తిట్టారన్నదాని మీదేగా. ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి పౌరుడు కాకుండా పోడు.

ఈ గొడవ చాలా పాతది. 1900లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ రాస్ అనే ప్రొఫెసర్ రైల్వే కంపెనీల మీద, ఆసియా నుంచి వచ్చే వలస కూలీల మీద బహిరంగంగా మాట్లాడేవాడు. ఆ యూనివర్సిటీ స్థాపించడానికి వాడిన డబ్బే రైల్వేల్లో సంపాదించింది. వ్యవస్థాపకుడి భార్య జేన్ స్టాన్‌ఫర్డ్‌కు ఆ మాటలు నచ్చలేదు, రాస్ పోవాల్సిందేనన్నారు, పంపేశారు. వలసవాళ్ల గురించి రాస్ అన్న మాటలు పచ్చి జాతి ద్వేషం, వాటిని నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. కానీ డబ్బిచ్చినవాళ్లకు ఇవాళ ఒక ప్రొఫెసర్ నోరు నచ్చకపోతే రేపు ఇంకొకరి నోరు నచ్చదు, అప్పుడు యూనివర్సిటీలో మిగిలేది యజమానికి నచ్చే మాటే. అది అర్థమైన సహోద్యోగులు కొందరు తామూ రాజీనామా చేసి బయటికొచ్చారు. వాళ్లలో ఫిలాసఫీ చెప్పే ఆర్థర్ లవ్‌జాయ్ ఒకరు. 1915లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ పెట్టినవాళ్లలో తత్వవేత్త జాన్ డ్యూయీతో పాటు ఆయనా ఉన్నారు.

అకడమిక్ ఫ్రీడమ్ అంటే మూడు రకాల స్వేచ్ఛ అని ఆ సంఘం తొలి ప్రకటనలోనే రాశారు: పరిశోధన చేసే స్వేచ్ఛ, క్లాసులో చెప్పే స్వేచ్ఛ, యూనివర్సిటీ బయట పౌరుడిగా మాట్లాడే స్వేచ్ఛ. మీ ప్రొఫెసర్ వాడుకుంటున్నది మూడోది. 1940లో ఇంకో ప్రకటన వచ్చింది. బయట మాట్లాడేటప్పుడు నిజాలు సరిచూసుకోవాలి, కాస్త సంయమనం పాటించాలి, సంస్థ తరఫున మాట్లాడుతున్నట్టు అనిపించకూడదు అని అందులో ఉంది. అంతేగానీ మాట్లాడొద్దని లేదు. బయట అన్న మాటకు ఉద్యోగం తీసేయాలంటే, ఆ మాట వల్ల ఆయన ఈ ఉద్యోగానికే పనికిరాడని స్పష్టంగా తేలాలి అని 1964లో మరింత వివరంగా చెప్పారు.

ఈ నియమం ఎంత దూరం వెళ్తుందో చూడండి. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చెప్పే ఆర్థర్ బట్జ్, నాజీలు యూదులను ఊచకోత కోయనే లేదంటూ 1976లో పుస్తకం వేశాడు. చచ్చినవాళ్లను మళ్లీ అవమానించే అబద్ధం అది. యూనివర్సిటీ ఆయన మాటల్ని గట్టిగా ఖండించింది, ఉద్యోగం మాత్రం తీయలేదు. ఎందుకంటే ఆయన చెప్పేది సర్క్యూట్లు, ఆ అబద్ధాన్ని క్లాసులోకి తేలేదు. అదే మనిషి చరిత్ర ప్రొఫెసర్ అయ్యుంటే కథ వేరు. తన సబ్జెక్టులోనే సాక్ష్యాలను తొక్కిపెట్టేవాడు ఆ ఉద్యోగానికి తగడు, ఆ సంగతి తేల్చాల్సింది కూడా తోటి చరిత్రకారులే. ఇంకో సంగతుంది. అక్కడే ఒక పార్ట్‌టైమ్ లెక్చరర్ బట్జ్ అబద్ధాలకు జవాబుగా తన ఇంజనీరింగ్ డిజైన్ క్లాసులో ఆ ఊచకోత గురించి చెప్పాడు. ఆయన చెప్పింది నిజం. అయినా సబ్జెక్టుకు సంబంధం లేదని కాంట్రాక్టు రెన్యువల్ చేయలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది, కానీ క్లాసుకు ఒక కొలత, బయటికి ఇంకో కొలత ఎందుకో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ దొరకదు.

క్లాసులో విద్యార్థి ఎదురు చెప్పలేడు, అదీ అసలు విషయం. 1917లో మ్యూనిక్‌లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఉపన్యసిస్తూ ఇదే అన్నారు: కోర్సు కోసం వచ్చి కూర్చోక తప్పని పిల్లల ముందు నిలబడి టీచర్ తన రాజకీయాలు రుద్దకూడదు, వీధి సభలో అయితే ఎవరైనా లేచి అడ్డుకోగలరు. అలాగని రాజనీతి శాస్త్రం చెప్పేవాళ్లు ఎన్నికల ఊసెత్తకుండా పాఠం చెప్పాలంటే కుదరదు. పాఠానికి సంబంధం ఉందా, ఒప్పుకోని విద్యార్థి లేచి మాట్లాడితే చోటిచ్చారా, ఈ రెండూ చూడండి చాలు.

ఇక మీ మార్కులు. మీ భయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. దిద్దడానికి ఏ కొలత వాడతారో ముందే అడగండి, ఆన్సర్ షీట్ కాపీలు దాచుకోండి, అనుమానం వస్తే ఇంకో ఎగ్జామినర్‌తో దిద్దించమని రాతపూర్వకంగా కోరండి. నిజంగా తక్కువ వేశారని తేలితే అప్పుడు కంప్లయింట్ ఇవ్వండి, నేనే దగ్గరుండి డ్రాఫ్ట్ రాయిస్తాను. అది మార్కుల్లో అన్యాయం మీద కంప్లయింట్ అవుతుంది. రాజకీయాలు ఒక్క ముక్క మాట్లాడని ప్రొఫెసర్ చేసినా అది తప్పే.

ప్రశ్న: ప్రొఫెసర్లు విడివిడిగా మాట్లాడే బదులు యూనివర్సిటీయే యుద్ధాల మీద, ఎన్నికల మీద ఒక ప్రకటన ఇస్తే పోలేదా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: వద్దండీ. 1967లో షికాగో యూనివర్సిటీలో హ్యారీ కాల్వెన్ అధ్యక్షతన వేసిన కమిటీ దీనికి మంచి జవాబు చెప్పింది. విమర్శకులకు యూనివర్సిటీ నీడనివ్వాలి, తానే విమర్శకుడి పాత్ర తీసుకోకూడదు అని. వీసీ సంతకంతో ఒక మాట వచ్చిందంటే దానికి ఎదురు మాట్లాడాల్సిన జూనియర్ లెక్చరర్ గొంతు పెగలదు. యూనివర్సిటీ ఉనికికే, చదువుకునే స్వేచ్ఛకే ముప్పు వచ్చినప్పుడు మాత్రం సంస్థ నోరు విప్పాలని ఆ కమిటీయే చెప్పింది.

ప్రశ్న: నేను కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నా సబ్జెక్టులోనే ప్రభుత్వం తెచ్చిన ఒక విధానం తప్పని నాకు తెలుసు, పేపర్‌కు వ్యాసం రాద్దామనుకుంటున్నాను. మా హెచ్‌ఓడీ "పర్మనెంట్ అయ్యేదాకా ఊరుకో" అంటున్నారు. అకడమిక్ ఫ్రీడమ్ నన్ను కాపాడుతుందా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: కాగితం మీద కాపాడుతుంది బాబూ. 1997 యునెస్కో సిఫార్సులో కూడా ఉన్నత విద్యలో పనిచేసే టీచర్లకు ఈ స్వేచ్ఛ ఉండాలని రాశారు. కానీ సిఫార్సుకు చట్టం బలం ఉండదు. వాక్ స్వాతంత్ర్యం మిమ్మల్ని జైలు నుంచి కాపాడొచ్చు, రెన్యువల్ ఆగిపోకుండా కాపాడదు. టెన్యూర్, అంటే సరైన కారణం లేకుండా తీసేయలేని పర్మనెంట్ ఉద్యోగం, పుట్టిందే ఆ ఖాళీ పూడ్చడానికి. మీకు అది లేదు. అది చేతికందే ముందే దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు: 2014లో ఇలినాయ్ యూనివర్సిటీ స్టీవెన్ సలైతాకు టెన్యూర్ ఉద్యోగం ఇస్తామంది, ఆయన పాత ఉద్యోగం వదిలేశాక, గాజా మీద పెట్టిన ట్వీట్లు చూసి వెనక్కి తీసుకుంది. కేసు వేస్తే 2015లో లాయర్ ఖర్చులతో కలిపి 8,75,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఆ ఉద్యోగం మాత్రం రాలేదు.

అందుకే హెచ్‌ఓడీ గారిని నేను తప్పుపట్టను. అయినా మీరు రాయాలనే అంటాను, ఎందుకంటే ఇది మీ సొంత సబ్జెక్టు, మీరే రాయకపోతే సగం తెలిసినవాళ్లు రాస్తారు. ముందు అపాయింట్‌మెంట్ ఆర్డర్, సర్వీస్ రూల్స్ పూర్తిగా చదవండి. ఆఫీసు మెయిల్, లెటర్‌హెడ్ వాడొద్దు. అభిప్రాయం వ్యక్తిగతమని కింద వేయించండి. మనుషుల్ని వదిలేసి విధానాన్ని, లెక్కల్ని పట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా రాయకండి. 1837లో ఇప్పటి జర్మనీలోని హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే గోటింగెన్ యూనివర్సిటీలో ఏడుగురు ప్రొఫెసర్లు కలిసి నిరసన లేఖ రాశారు, గ్రిమ్ సోదరులు కూడా వాళ్లలో ఉన్నారు. ఏడుగురినీ తీసేశారు, ముగ్గురిని దేశం విడిచి పొమ్మన్నారు. కానీ విద్యార్థులు ఆ లేఖకు నకళ్లు రాసి పంచారు, జనం చందాలేసి వాళ్లను ఆదుకున్నారు. మీ డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ అయిన సీనియర్లు ఇద్దరు మీ వ్యాసం మీద తమ పేర్లు ముందు పెట్టగలరేమో అడగండి, హెచ్‌ఓడీ గారిని మొదట అడగండి.