చంద్రుడిపై నివాసం థీసిస్: ఆకారానికి కారణం ఎలా చూపాలి?

బీఆర్క్ థీసిస్‌కి చంద్రుడి మీద నివాసం తీసుకుని డోమ్ గీశారు, గైడేమో “ఈ ఆకారమే ఎందుకు?” అని వెనక్కి పంపారు. టెన్షన్ పడకండి, ఆయన అడిగింది సరైన ప్రశ్నే. జవాబు గాలి పీడనంలో ఉంది.

చంద్రుడి మీద బయట గాలి లేదు కాబట్టి, లోపల భూమ్మీద ఉన్నంత పీడనం ఉంచితే ప్రతి చదరపు మీటరు గోడనూ సుమారు 10 టన్నుల బలం బయటికి తోస్తుంది. రేడియేషన్‌ కోసం పైన 3 మీటర్ల మందాన చంద్రుడి మట్టి కప్పినా, అక్కడి గురుత్వం ఆరో వంతే కాబట్టి చదరపు మీటరుకి ఒక టన్ను బరువు కూడా పడదు. అంటే కప్పు కూలుతుందని కాదు, ఉబ్బి చిరుగుతుందని భయపడాలి. వంపు గోడ ఆ తోపును వంగిపోకుండా మోయగలదు, గోళం, సిలిండర్ ఆకారాలు మళ్లీ మళ్లీ కనిపించేది ఇందుకే. చదును గోడ కావాలంటే దాన్ని పట్టి ఉంచేదేమిటో సెక్షన్‌లో (నిలువుగా కోసి చూపే డ్రాయింగ్‌లో) చూపించాల్సిందే.

చదవడానికి నాసా టెక్నికల్ రిపోర్ట్స్ సర్వర్ చాలు, ఉచితం. మొదట నాసా 1970ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ చూడండి: డిజైనర్ రేమండ్ లోవీ అందులో కిటికీ ఉండాలని గట్టిగా చెప్పారు. మనుషులు బతికే చోటు గురించి అంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. మన దగ్గర 2024 నవంబరులో లేహ్‌లో ఇస్రో మొదలుపెట్టిన అనలాగ్ మిషన్ (వేరే గ్రహం మీది జీవనాన్ని భూమ్మీదే అనుకరించి చూసే ప్రయోగం) గురించీ వెతకండి.

ముందు పీడనం లెక్క, తర్వాతే రెండర్లు.