నెలనెలా క్లాసు మానిపించే కడుపునొప్పి: విదేశాలకి చదువుకి కొత్తగా వచ్చిన అమ్మాయిలకు

ఇల్లు ఎలా వెతుక్కోవాలి, పార్ట్ టైమ్ జాబ్ దొరుకుతుందా, ఇన్సూరెన్స్ ఏది మంచిది అని అందరి ముందూ గలగలా అడిగే అమ్మాయిలు ఈ ఒక్క సందేహం మాత్రం పక్కకి పిలిచి అడుగుతారు. "అక్కా, పీరియడ్స్ మొదటి రోజు మంచం దిగలేకపోతున్నా, ఇంత చిన్నదానికి ఇక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్తారా?" వెళ్తారమ్మా. చదువుకోవడానికి ఇంత దూరం వచ్చి నెలనెలా రెండు రోజులు క్లాసులు పోగొట్టుకుంటుంటే అది చిన్నదెలా అవుతుంది?

ముందు బిళ్ళల సంగతి. నాకు తెలిసిన ఒకమ్మాయి ఇండియా నుంచి తెచ్చుకున్న మెఫ్తాల్ స్పాస్ షీటు పర్సులో దాచుకుని, అయిపోతే మళ్ళీ దొరకవేమోనని బిళ్ళని సగానికి విరిచి వేసుకునేది. అది కూడా ఎప్పుడు? నొప్పి తారస్థాయికి వెళ్ళి, ఒక వాంతి అయ్యాక. ఇక పనిచేయట్లేదంటే తప్పు బిళ్ళది కాదు.

విషయం ఏంటంటే, గర్భసంచి లోపలి పొర ఊడే సమయానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుట్టి గర్భసంచి కండరాన్ని గట్టిగా పిండుతాయి. ఆ బిగువులో కండరానికి రక్తం సరిగా అందక నొప్పి వస్తుంది. కొందరికి అదే సమయంలో విరేచనాలు, వాంతులు, తలనొప్పి కూడా వచ్చేది వీటివల్లే. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ (మెఫ్తాల్‌లో ఉండే నొప్పి మందు) చేసే పని ఆ రసాయనాలు తయారు కాకుండా ఆపడం. ఆలస్యమయ్యేకొద్దీ వాటికి ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే నొప్పి మొదలవుతోందని తెలియగానే, డేట్ సరిగ్గా వచ్చేవాళ్ళయితే ముందు రోజు నుంచే, ఏదైనా తిని వేసుకుని, ఆ రెండు రోజులూ వేళ తప్పకుండా వాడాలి. ఐబుప్రోఫెన్ 200 మిల్లీగ్రాముల బిళ్ళలైతే ఒక్కసారికి ఒకటి లేదా రెండు, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో. డాక్టర్ చెప్పకుండా రోజుకి 1200 దాటొద్దు. అమెరికాలో, బ్రిటన్‌లో మెఫెనమిక్ యాసిడ్‌కి ప్రిస్క్రిప్షన్ కావాలి, ఐబుప్రోఫెన్‌కి అక్కర్లేదు. రెండూ ఒకే కుటుంబం, కాబట్టి ఒకటి తగ్గించలేదని దానిమీద రెండోది వేసుకోకండి. అల్సర్, కిడ్నీ సమస్య, ఇలాంటి బిళ్ళలతో ఆస్తమా ఎక్కువవడం, రక్తం పలచబరిచే మందులు వాడుతుండటం, గర్భం ఉండొచ్చన్న అనుమానం, వీటిలో ఏదున్నా ముందు ఫార్మసిస్టునో డాక్టర్‌నో అడగాలి. వీళ్ళకి సాధారణంగా పారాసెటమాల్ చెప్తారు, అమెరికాలో దాని పేరు ఎసిటమినోఫెన్, కాకపోతే ఈ నొప్పికి కాస్త తక్కువ పనిచేస్తుంది. ఇక అలవాటైపోతుంది, రేపు పిల్లలు పుట్టరు అన్న భయాలంటారా, నెలకి రెండు మూడు రోజుల వాడకానికి ఆ రెండూ అక్కర్లేదు.

పొత్తికడుపు మీద హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకుంటే నిజంగానే హాయిగా ఉంటుంది, చర్మం కాలకుండా మధ్యలో గుడ్డ ఉంచుకోండి. వారానికి మూడు రోజులు ఒళ్ళు కదిలే వ్యాయామం చేస్తే కొన్ని నెలల్లో నొప్పి తగ్గుతుంది. నొప్పి ఉన్న రోజే పరుగెత్తమని కాదు లెండి.

బిళ్ళ వేళకి వేసుకున్నా రెండు మూడు నెలలుగా క్లాసు మానాల్సి వస్తుంటే, ఏటికేడు ఎక్కువవుతుంటే, పీరియడ్స్ లేని రోజుల్లో కూడా నొప్పి ఉంటే, మోషన్‌కి వెళ్ళేటప్పుడో కలయికలోనో నొప్పి వస్తుంటే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు (గర్భసంచి లోపలి పొర లాంటిది గర్భసంచి బయట కూడా పెరగడం) పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో చాలామందికి ఆ పేరు తెలిసేసరికే ఏళ్ళు గడిచిపోతాయి, "ఆడపిల్లలకి మామూలే" అని ఇంట్లోవాళ్ళూ అంటారు, ఒక్కోసారి డాక్టర్లూ అంటారు. స్కాన్‌లో ఏమీ కనబడలేదన్నంత మాత్రాన అది లేదని కాదు, ఆ మాట మీరే డాక్టర్‌తో అనండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, వారం దాటి బ్లీడింగ్ అవుతున్నా హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) కూడా చూడమనండి. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క, లైబ్రరీలో కునికిపాట్లకి అదీ ఒక కారణం కావచ్చు.

డాక్టర్ ముందు మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. నొప్పి పదికి ఎంత అని అడిగితే చిన్నగా నవ్వి "నాలుగు" అంటారు, ఆ నవ్వూ ఆ నాలుగూ చూసి వాళ్ళు నిజంగానే నాలుగే రాసుకుంటారు. దానికి బదులు ఫోన్‌లో రాసుకెళ్ళి చదివేయండి: చివరి పీరియడ్ మొదలైన తేదీ, ఎన్ని రోజులు నొప్పి, ఏ బిళ్ళ ఎన్ని వేసుకున్నారు, ఏ పరీక్ష పోయింది, ల్యాబ్‌లో నిలబడలేక ఎప్పుడు వచ్చేశారు. సెక్సువల్లీ యాక్టివా అని కూడా అడుగుతారు, పెళ్ళికాని పిల్లని ఇదేం ప్రశ్న అని కంగారు పడకండి, అందరినీ అడిగేదే, జవాబుని బట్టి పరీక్షలు మారతాయి కాబట్టి నిజమే చెప్పండి. మీరు మేజర్లు, మామూలుగా మీ అనుమతి లేకుండా ఆ మాట అమ్మానాన్నలకి చేరదు. ఇన్సూరెన్స్ వాళ్ళ పేరు మీద ఉంటే మాత్రం బిల్లు కాగితాలు ఎక్కడికి వెళ్తాయో ముందే కనుక్కోండి. లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు. లోపలి నుంచి చేసే స్కాన్ వద్దనుకుంటే, పొట్ట మీద నుంచి చేయమని అడగొచ్చు.

గర్భనిరోధక మాత్రలు రాస్తే ఇంట్లో తెలిస్తే ఏమనుకుంటారో అని చీటీ చింపేసిన వాళ్ళున్నారు. ఈ నొప్పికి అవి బాగా పనిచేసే మందు, గర్భసంచి లోపలి పొరని పలచబరుస్తాయి, అంతే సంగతి. మానేశాక గర్భం రావడానికి అడ్డుపడవు. కాకపోతే కళ్ళ ముందు మెరుపులు కనబడి వచ్చే మైగ్రేన్ ఉన్నా, మీకు గానీ ఇంట్లోవాళ్ళకి గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా తప్పకుండా చెప్పాలి, అప్పుడు వేరే రకం ఇస్తారు.

డేట్ తప్పి, ఒక పక్కనే విపరీతమైన నొప్పి వచ్చినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

యూనివర్సిటీ వాళ్ళకి కూడా కాగితం మీద తెలియాలి. నెలనెలా ఇబ్బందే అయితే డాక్టర్ లెటర్‌తో డిజెబిలిటీ ఆఫీసుకో స్టూడెంట్ సపోర్ట్‌కో సెమిస్టర్ మొదట్లోనే వెళ్ళండి, అటెండెన్స్‌లో, గడువుల్లో వెసులుబాటు అడగొచ్చు. పరీక్ష పోయాక అడిగితే వాళ్ళ చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు. ప్రొఫెసర్‌కి మెయిల్‌లో వివరాలన్నీ రాయక్కర్లేదు, తరచూ వచ్చే ఆరోగ్య సమస్య, లెటర్ ఆఫీసులో ఇచ్చాను అని రెండు ముక్కలు చాలు.