టెక్ సందేహాలు: గాలం వేయడానికి చెరువులు వెతికేదెలా?

ప్రశ్న: మాది అమలాపురం. సెలవుల్లో స్నేహితులం కారులో దేశం చుట్టి రావాలని ఉంది. దారిలో గాలం వేసుకోదగ్గ చెరువులు, రిజర్వాయర్లు ముందే ఫోన్‌లో చూసుకోవచ్చా? మ్యాప్స్‌లో ‘ఫిషింగ్ లేక్’ అని కొడితే రిసార్టులు వస్తున్నాయండీ!

జవాబు: వస్తాయి మరి. రిసార్టుకు యజమాని ఉంటాడు, పేరు ఎక్కించుకుంటాడు. ఊరి చెరువుకు ఎవరు ఎక్కిస్తారు? కేంద్ర జలశక్తి శాఖ 2023లో ప్రకటించిన గణనలో దేశం మొత్తం మీద 24,24,540 నీటి వనరులు తేలాయి. అందుకే పేరుతో కాదు, కంటితో వెతకండి.

ముందు ఇంటి దగ్గరే సాధన చేయండి. శాటిలైట్ వ్యూ పెట్టి మ్యాప్‌ను భీమవరం వైపు జరపండి. ఎటు చూసినా నీళ్లే. దగ్గరకు జూమ్ చేస్తే గట్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. నీళ్లలో తెల్లటి నురగ చారలు కనబడ్డాయా, అవి నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు. చేపలు, రొయ్యలు పెంచే చెరువులన్నమాట. అక్కడ గాలం తీస్తే కాపలావాడు కర్ర తీస్తాడు! అదే సాగునీటి చెరువైతే ఒకపక్క తిన్నటి కట్ట, మిగతా అంచంతా వంకర్లు. మ్యాప్‌ను తెలంగాణ, రాయలసీమ వైపు జరిపితే ఇవే ఎక్కువ.

సరే, మీరు వెళ్లేసరికి నీళ్లుంటాయా? బ్రౌజర్‌లో ‘గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్’ తెరవండి. యూరోపియన్ కమిషన్ వాళ్లది, ఉచితం. 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో తయారైంది. ‘సీజనాలిటీ’ పొర పెడితే ఏడాదంతా నీరుండేచోట ముదురు నీలం, కొన్ని నెలలే ఉండేచోట లేత నీలం. వేసవి ప్రయాణమైతే ముదురు నీలాన్నే నమ్ముకోండి. చిన్న కుంటలు మాత్రం దీనికి ఆనవు.

అనుమతి సంగతి ఏ యాప్ మీదా వదిలేయకండి. మన కొల్లేరే చూడండి, మ్యాప్‌లో ఊరిస్తుంది గానీ అది అభయారణ్యం. రిజర్వాయర్లలో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సంఘాలదో, పాటదారులదో. హిమాచల్‌లో ట్రౌట్ చేపలు పట్టాలంటే మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. కట్ట మీద కనబడ్డ పెద్దాయన్ని అడగడమే నాకు తెలిసిన మంచి సెర్చ్ ఇంజిన్.

ఇంకో చిక్కుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌కు దించుకున్నా శాటిలైట్ చిత్రం రాదు. నచ్చిన చెరువు దగ్గర వేలు నొక్కిపట్టి పిన్ పెట్టి, ‘కట్ట దాకా కారు వెళ్తుంది’ అనో, ‘తూర్పున చెట్ల నీడ’ అనో పేరు పెట్టి సేవ్ చేసుకోండి. పక్కనే ఒక స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉంచుకోండి.