గెడ్డలో బతికిన పరిగె గాజు తొట్టిలో ఎందుకు చచ్చిపోయింది?

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా బూర్జ మండలం. కోతలయ్యాక ఊరి గెడ్డలో నీళ్లు తగ్గిపోయి మడుగుల్లో చేపలు మిగిలాయి. మా గుంటలిద్దరూ దోమతెర గుడ్డతో పట్టి ఇంటికి తెచ్చారు. పరిగెలు, జెల్లలు, ఎర్రగా ముద్దొచ్చే చిన్న పిల్లలు కొన్ని, అన్నీ కలిపి ముప్పై దాకా ఉన్నాయి. రెండడుగుల గాజు తొట్టి కొని, బోరు నీళ్లు నింపి అదే రోజు వేసేశాం. గాలి మోటారు పెట్టాం. మూడు పూటలా అన్నం మెతుకులు, తవుడు వేశాం. మూడో రోజుకి నీళ్లు పాలలా మసకబారాయి, చేపలు వరసగా చచ్చిపోతున్నాయి. రెండింటి ఒంటి మీద ఎర్ర పుండ్లున్నాయి. ఇంకా పది మిగిలాయి. వాటిని మా నీటి కుంటలో బొచ్చె, మోసులతో పాటు వదిలేయమంటారా? బకెట్లో ఒక తాబేలు పిల్ల కూడా ఉంది.

జవాబు: కుంటలో మాత్రం వదలకండి. ఆ తొట్టి నీళ్లు కూడా కుంట వైపు పారబోయవద్దు. చలికాలంలో వరి మడుల దగ్గర నీళ్లలో తిరిగే పరిగెలకు, మట్టగిడసలకు ఎర్ర పుండ్లు కనిపిస్తే మేం మొదట అనుమానించేది ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అనే పుండ్ల జబ్బునే. మన దేశంలో 1988 నుంచి ఉంది. నీరు చల్లబడే రోజుల్లో విజృంభిస్తుంది. బొచ్చెకూ మోసుకూ కూడా అంటుకుంటుంది. పిల్లలు సరదాగా తెచ్చిన రెండు పరిగెల వల్ల మీ ఏడాది పంట పోకూడదు. పుండ్లున్న చేపలు బతికున్నా సరే తీసేసి, సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి. తొట్టి నీళ్లు గట్టుకు దూరంగా ఏ కొబ్బరి మొదట్లోనో పోయండి. చేపలు పట్టిన గుడ్డను, బకెట్‌ను రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. కుంటలోని చేపల మీద ఇప్పటికే పుండ్లు కనిపిస్తుంటే ఆలస్యం చేయకుండా మీ మండల మత్స్యశాఖ వారికి చూపించండి.

ఇక మిగతావి ఎందుకు చచ్చాయో చూద్దాం. వాటికి జబ్బు లేకపోయినా ఆ తొట్టిలో బతికేవి కావు. ఈ ఉత్తరం చదువుతుంటే నాకు బాధనిపించింది. ఎందుకంటే మీరు అశ్రద్ధ చేయలేదు. ప్రేమతో మూడు పూటలా మేత వేశారు, ఆ మేతే ముంచింది.

మీ కుంట సంగతే గుర్తు చేసుకోండి. నీళ్లు పెట్టిన రోజే చేప పిల్లను వదులుతారా? సున్నం చల్లి, పేడ వేసి, నీరు పచ్చబడేదాకా ఆగుతారు. గాజు తొట్టికీ ఆ ఆగడం కావాలి. చేప మొప్పల ద్వారా రాత్రీ పగలూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మెతుకు కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. గెడ్డలో పారే నీరు దాన్ని ఎప్పటికప్పుడు పట్టుకుపోతుంది. తొట్టిలో అది ఎక్కడికీ పోదు. ఇసుకకీ స్పాంజికీ అంటుకుని బతికే సూక్ష్మజీవులు కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ కొద్దిగా ఉన్నా విషమే, నైట్రేటు మాత్రం చాలా వరకు తట్టుకోగలిగేది. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు వాటికి ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. నీళ్లు పాలలా మారింది వేరే బాక్టీరియా వల్ల. అన్నం గంజి దొరికేసరికి అవి ఒక్కసారిగా పెరిగి, నీటిలోని ప్రాణవాయువును కూడా లాగేసుకున్నాయి.

బోరు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, బొగ్గుపులుసు వాయువు, కొన్నిచోట్ల ఇనుము ఎక్కువగా ఉంటాయి. వెడల్పు తొట్టెలో పోసి, గాలి మోటారు పెట్టి, ఒక రోజు నిలవ ఉంచాకే వాడాలి. పంచాయతీ కుళాయి నీళ్లయినా అంతే. అందులో క్లోరిన్ పోవడానికి ఆ ఒక్క రోజు కావాలి.

మిగిలిన పది చేపలకు ఈ రోజే ఇలా చేయండి. మేత పూర్తిగా ఆపేయండి. మూడు రోజులు తినకపోతే పరిగెకు ఏమీ కాదు. తొట్టి నీళ్లలో మూడో వంతు తీసి, నిలవ ఉంచిన నీళ్లు మెల్లగా పోయండి. తర్వాత రోజు విడిచి రోజు నాలుగో వంతు మార్చండి. మీది అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి అయితే ఇసుక, పై ఖాళీ పోగా 45 లీటర్లు పడతాయి. అందులో లీటరుకు ఒక గ్రాము చొప్పున 45 గ్రాముల కల్లుప్పు కరిగించి వేయండి. ఆ ఉప్పు ఉంటే నైట్రైటు మొప్పల్లోకి అంతగా ఎక్కదు. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే మళ్లీ కలపాలి. రొయ్యల చెరువుల వాళ్లు వాడే అమ్మోనియా పరీక్ష కిట్టు చెరువు మందుల దుకాణాల్లో దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. లీటరుకు అర మిల్లీగ్రాము దాటిందంటే ఆ రోజు నీళ్లు మార్చాల్సిందే.

గాలి మోటారుకు ఒక స్పాంజి ఫిల్టర్ తగిలించండి. సూక్ష్మజీవులు కాపురం ఉండేది అందులోనే. దాన్ని కుళాయి కింద రుద్ది కడిగితే పని మళ్లీ మొదటికొస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి.

ఆ ఎర్రటి పిల్లలున్నాయే, గుంపుగా నీటిపైన తిరుగుతుంటే పట్టారా? అవి చాలా మటుకు కొర్రమీను పిల్లలు. చిన్నప్పుడు అందంగా ఉంటాయి, వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ రంగు కొన్ని వారాలే. పెరిగితే రెండడుగులు దాటుతుంది, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగేస్తుంది. వాటిని వేరే తొట్టెలో పెట్టి, పైన వల కప్పండి. కాపలా ఉన్న గుంపును చెదరగొట్టవద్దని గుంటలకు చెప్పండి. పెద్దవి లేకపోతే ఆ గుంపులో మిగిలేవి కొద్దే. జెల్ల రాత్రిపూట వేటాడుతుంది, ముల్లు కూడా గుచ్చుకుంటుంది. ఇంగిలాయి ముల్లయితే విషం, పిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు. ఎప్పుడైనా గుచ్చుకుంటే చేతిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదటి తొట్టికి నేను పరిగెలే చెబుతాను. తోక మొదట్లో నల్ల చుక్క ఉన్నవి, రెండంగుళాలవి, ఎనిమిది చాలు. గుంపుగా ఉంటేనే వాటికి ధైర్యం. ఈ చేపను కూర చేపగానే చూస్తాం గానీ, తొలకరిలో మగదాని ఒంటి పక్కన ఎర్ర జీర పూసినప్పుడు చూడాలి. అంగట్లో కొన్న ఏ రంగు చేపా దానికి సాటి రాదని నా గట్టి అభిప్రాయం.

మేత విషయంలో ఓపిక కావాలి. గెడ్డలో పెరిగిన చేపకు మేత గుళిక అంటే ఏమిటో తెలియదు. మొదటి వారం సన్నగా తరిగిన వానపాము, శుభ్రమైన నీళ్లలో దొరికిన దోమ తోకపురుగులు వేయండి. తర్వాత వాటితో పాటు నలిపిన గుళికలు కొద్దికొద్దిగా కలుపుతూ పది రోజుల్లో అలవాటు చేయండి. రెండు మూడు నిమిషాల్లో తినేసినంతే, రోజుకొకసారి. మురుగు కాలవ పురుగులు తేవద్దు.

చాలామందికి తట్టని విషయం ఒకటి ఉంది. తొట్టి ఉన్న గదిలో దోమల కాయిల్, దోమల ద్రవం వెలిగించకండి. వాటిలోని పైరిత్రాయిడ్ మందు చేపకు మహా విషం. గాలి మోటారు ఆ గాలినే పీల్చి తిన్నగా నీళ్లలోకి పంపిస్తుంది. వరికి పురుగుమందు కొట్టిన వారంలో కాలవ చేపలు పట్టవద్దనడానికి కారణం కూడా ఇదే. ఈ చలి రాత్రులు తొట్టిని కిటికీకి దూరంగా పెట్టండి. వీలైతే 50 వాట్ల హీటరు పెట్టి నీటిని 25, 26 డిగ్రీల దగ్గర ఉంచండి. వెచ్చగా ఉంటే పుండ్ల జబ్బు అంతగా ముదరదు.

ఇలా చేస్తే సంక్రాంతి దాటేసరికి తొట్టి సిద్ధమవుతుంది. అప్పుడైనా కొత్త చేపలను నేరుగా అందులో వేయకండి. వేరే టబ్బులో మూడు వారాలు ఉంచి చూడండి. పొలుసుల మీద పచ్చటి బిళ్లలా కదిలేది చేపపేను, దారంలా వేలాడేది లంగరు పురుగు, ఉప్పు చల్లినట్టుంటే తెల్ల మచ్చల జబ్బు. పేను కనిపిస్తే పట్టకారుతో తీసేయొచ్చు, మిగతా రెండింటికీ అడిగి మందు వాడండి. ఎండిపోతున్న మడుగులో చేప అప్పటికే సగం నీరసించి ఉంటుంది. అందుకని ఈసారి భాద్రపదం, ఆశ్వయుజాల్లో పారే నీటిలోంచి పిల్ల చేపలు తెచ్చుకోండి. తొలకరికి ఎదురెక్కి వచ్చే కడుపుతో ఉన్న చేపలను ముట్టవద్దు.

తాబేలు పిల్ల సంగతి. మన చెరువుల్లోని తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఇంట్లో పెంచడం నేరం. ఈ రోజే అటవీశాఖ వారికి చెప్పి, వాళ్లు చెప్పిన చోట వదిలేయండి. అందాకా బకెట్‌ను నీడలో ఉంచి, ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి వేయండి.