పదకొండు వేల చలువ కళ్లద్దాలు కొనాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది ఖమ్మం. మా ఆయన ఆటో నడుపుతారు, 47 ఏళ్లు. పొద్దున ఏడింటికి ఎక్కితే చీకటి పడేదాకా రోడ్డు మీదే. సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయంటారు. బస్టాండు దగ్గర 150 రూపాయలకు కొన్న నల్లద్దాలు పెట్టుకుంటున్నారు. ఎండ ఎక్కాక పవర్ అద్దాలు తీసి జేబులో వేసుకుని అవి పెట్టుకుంటారు. మా అమ్మాయికి ఈమధ్యే హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో నాన్నకు 11,000 రూపాయల కంపెనీ కూలింగ్ గ్లాసులు కొంటానంటోంది. "నల్లగా ఉంటే చాలు, పదకొండు వేలు తగలేయడం ఎందుకు?" అని ఆయన. "కళ్లకంటే డబ్బు ఎక్కువా?" అని అది. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. ఎవరి మాట వినమంటారు?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, మొదటి జీతం చేతికి రాగానే నాన్న కళ్లు గుర్తొచ్చిన కూతురు మీకుంది. ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి.

ధర సంగతి తర్వాత మాట్లాడదాం. మీ ఉత్తరం మధ్యలో ఒక మాట చదివి నాకు టెన్షన్ వచ్చింది. ఎండలో పవర్ అద్దాలు తీసి జేబులో వేసుకుంటారని రాశారు. అది దూరపు చూపు పవరైతే ఈరోజు నుంచే మానిపించండి. దూరం సరిగా ఆనని మనిషి అద్దాలు లేకుండా బండి నడిపితే, రోడ్డుకు అడ్డంగా పరుగెత్తే పిల్లాడైనా, సడన్‌గా బ్రేకు వేసిన లారీ అయినా ఒక క్షణం ఆలస్యంగా కనిపిస్తుంది. పైగా నల్లద్దం వెలుతురును తగ్గించేసరికి కంటిపాప పెద్దదవుతుంది. పాప పెద్దదైతే పవర్ లోపం వల్ల వచ్చే మసక ఇంకా ఎక్కువవుతుంది. అంటే ఆయన రెండు విధాలా తక్కువ చూపుతో, వెనకాల ముగ్గురు మనుషుల్ని కూర్చోబెట్టుకుని తిరుగుతున్నారు.

ఇక నల్లద్దాల సంగతి. మనం వీటిని చలువ కళ్లద్దాలు అంటాం. ఆ పేరు వల్లనే అనుకుంటాను, పెట్టుకోగానే కళ్లకు చల్లగా అనిపిస్తే పని అయిపోయిందని చాలామంది నమ్ముతారు. నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. చూపు పరీక్ష చేసి అద్దాలు రాసిస్తాను. పాతికేళ్లుగా నా ఎదురుగా కూర్చున్నవాళ్లు చెప్పేది ఇదే: "బాగా నల్లవి ఇవ్వండి మేడమ్."

ఎండలో రెండు రకాల వెలుతురు ఉంటుంది. ఒకటి కంటికి కనిపించేది. కళ్లు జిగేల్మనడం, చిట్లించుకోవడం దానివల్ల. రెండోది కనిపించని అతినీలలోహిత కిరణాలు, షాపువాళ్లు యూవీ అంటారు. ఏళ్ల తరబడి కంటిని పాడుచేసేది ఇది. శుక్లాలు త్వరగా రావడంలో, కంట్లో కండ పెరగడంలో, రెప్పల చర్మానికి వచ్చే కొన్ని కేన్సర్లలో దీని పాత్ర ఉంది. అద్దం రంగు మొదటిదాన్ని తగ్గిస్తుంది. రెండోదాన్ని ఆపేది అద్దంలో కలిపే లేదా పైన పూసే వేరే పదార్థం. దానికి రంగు ఉండాల్సిన పనే లేదు. నీళ్లలా తేటగా ఉండే పవర్ అద్దం యూవీని మొత్తం ఆపగలదు, కారునలుపు అద్దం ఆపకపోవచ్చు. ఆపని నల్లద్దం పెట్టుకుంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఎండకు కళ్లు చిట్లించుకోవడం కంటికి సహజమైన కాపలా. నల్లద్దం వెనక కళ్లు హాయిగా తెరుచుకుంటాయి, పాప పెద్దదవుతుంది, ఆ దారిన యూవీ లోపలికి పోతుంది.

ఇది నేను పుస్తకంలో చదవడానికి ముందే మా ఇంట్లో జరిగింది. మా నాన్న చినగంజాం దగ్గర ఉప్పు మళ్లలో పనిచేసేవారు. ఉప్పు మడిలో ఎండ పైనుంచి ఒక్కటే రాదు, తెల్లటి ఉప్పు మీద పడి కింద నుంచి కూడా కళ్లలోకి కొడుతుంది. తలకు తువ్వాలు చుట్టుకున్నా కింద నుంచి వచ్చేదాన్ని అదేం ఆపుతుంది? నేను హైదరాబాద్‌లో కోర్సులో చేరిన కొత్తలో, మిగుల్చుకున్న డబ్బుతో ఫుట్‌పాత్ మీద 60 రూపాయలు పెట్టి ఆయనకు నల్లద్దాలు కొన్నాను. ఎంత సంబరపడ్డారో. రెండు వేసవులు ఒక్కరోజు కూడా మానకుండా పెట్టుకున్నారు. తర్వాత మా ల్యాబ్‌లో యూవీ మీటర్ వాడటం నేర్పినప్పుడు, సెలవులకు వెళ్లి ఆ అద్దాలు అడిగి తెచ్చుకున్నాను. మీటర్ కింద పెడితే యూవీలో సగానికి పైగా అవతలికి పోతోంది. అదే రోజు మా చిన్నాన్న కొడుకు గల్ఫ్ నుంచి తెచ్చుకున్న ఖరీదైన జతనూ, మామూలు షాపులో 350 పెట్టి కొన్న ఇంకో జతనూ పెట్టి చూశాను. రెండింటిలోనూ చుక్క యూవీ కూడా దాటలేదు. ఆ రెండిటి ధరకు మధ్య ఇరవై రెట్ల తేడా ఉంది.

నాన్నకు కుడి కంట్లో ముక్కు వైపు నుంచి కండ మొదలై నల్లగుడ్డు మీదికి పాకింది. డాక్టర్లు దీన్ని టెరీజియం అంటారు. తర్వాత ఆపరేషన్ చేసి తీశారు. తీసినా కొందరికి మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఆయన కళ్లను ఇప్పటికీ నేనే చూస్తుంటాను. దానికంతటికీ కారణం నేనిచ్చిన అద్దాలే అనను. అంతకుముందు ముప్పై ఏళ్ల ఎండ ఉంది. కానీ ఆ రెండు వేసవులు ఆయన కళ్లకు రక్షణ ఉందనుకుని నేను హాస్టల్లో నిశ్చింతగా ఉన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ బాధే. మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా రాయడం కూడా అందుకే.

ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా తిరిగి చేసిన కంటి సర్వేలో కూడా ఈ కండ ఆరుబయట పనిచేసేవాళ్లలో, పల్లెల్లో ఎక్కువగా కనిపించింది. ఆటో డ్రైవరు కూడా ఆరుబయట పనివాడే కదా. ముందు అద్దం ఉన్నా రెండు పక్కలా ఖాళీ.

ఆ పక్కల సంగతి ముఖ్యం. చెవి వైపు నుంచి ఏటవాలుగా కంట్లో పడిన ఎండను నల్లగుడ్డు పైపొర భూతద్దంలా వంచి ముక్కు వైపు అంచున ఒకచోట పోగుచేస్తుంది. కండ ఎక్కువగా ముక్కు వైపు నుంచే మొదలవడానికి దీన్నే ముఖ్య కారణంగా చెబుతారు. ఇంకొకటి, మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ ఎముక కంటికి చూరులా అడ్డం నిలుస్తుంది. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదికీ, మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకీ ఆ చూరు పనిచేయదు, ఎండ సూటిగా కళ్లలోకి వస్తుంది. మీ ఆయన పన్నెండింటికి పెట్టుకుని నాలుగింటికి తీసేస్తుంటే ఆ లెక్క మార్చమనండి. మబ్బు పట్టినా యూవీ చాలావరకు కిందికి వస్తూనే ఉంటుంది.

కాబట్టి ఎంత మంచి అద్దమైనా సన్నటి ఫ్రేములో, ముఖానికి దూరంగా ఉంటే పక్కల నుంచి సగం పని చెడిపోతుంది. వెడల్పుగా, కణతల దాకా కాస్త వంపు తిరిగి, ముఖానికి దగ్గరగా ఆనే ఫ్రేము కావాలి. గాలి, దుమ్ము కూడా తగ్గుతాయి. తలమీద అంచున్న టోపీ ఉంటే ఇంకా మేలు. ఈ విషయంలో కంపెనీ పేరు ఏమాత్రం సాయపడదు.

మరి పదకొండు వేలు దేనికి పోతాయి? పేరుకి, ఫ్రేము అందానికి, గట్టి బందులకి, గీతలు పడకుండా వేసే పూతకి, అద్దంలో చూపు వంకర లేకుండా తీర్చిన పనితనానికి. వీటిలో ఆఖరిది నిజంగా విలువైనది. నాసి అద్దంలో నేల ఎగుడుదిగుడుగా కనిపించి తలనొప్పి వస్తుంది. అది మీరే చూసుకోవచ్చు. అద్దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, అందులోంచి తలుపు నిలువు అంచును చూస్తూ మెల్లగా అటూ ఇటూ కదపండి. గీత పాములా వంగితే ఆ జత వద్దు. పేరు విషయానికొస్తే, ఇటలీకి చెందిన లగ్జోటికా అనే ఒక్క కంపెనీ 1999లో రేబాన్‌ను కొనుక్కుంది. ప్రాడా లాంటి ఫ్యాషన్ పేర్లకు కూడా కళ్లజోళ్లు తయారుచేసేది అదే. షోరూములో వేర్వేరు అరల్లో కనిపించే పేర్లలో చాలావాటి వెనక ఒకే ఇల్లు ఉంది. ఆ అద్దాలు మంచివే, యూవీని ఆపుతాయి. కానీ యూవీని ఆపడానికయ్యే ఖర్చు ఆ ధరలో చాలా చిన్న భాగం. పైగా ఆ పేరుతో నకిలీలు కూడా బాగా దొరుకుతాయి. సగం ధరకు వచ్చిందని సంబరపడి తెచ్చినవాళ్లను ఎందరినో చూశాను.

యూవీ400 అని రాసి ఉండాలి. యూవీ కిరణాల కొలత 400 నానోమీటర్ల దగ్గర ముగుస్తుంది, అక్కడిదాకా మొత్తం ఆపుతుందని అర్థం. స్టిక్కర్ ఎవరైనా అతికించగలరు కాబట్టి, కొన్న షాపులో కాకుండా ఇంకో కళ్లద్దాల షాపులో యూవీ మీటర్ ఉందేమో అడగండి. అర నిమిషం పని. అది దొరక్కపోతే దొంగనోట్లు పట్టే నీలం లైటు ఏ పెద్ద కిరాణా షాపులోనైనా ఉంటుంది. ఆ లైటు కింద 500 నోటు మీద నంబరు మెరుస్తుంది. లైటుకీ నోటుకీ మధ్య అద్దం అడ్డం పెట్టి, అద్దంలోంచి కాకుండా పక్క నుంచి నంబరును చూడండి. మెరుపు ఆరిపోతే అద్దం యూవీని ఆపుతున్నట్టు, ఇంకా మెరుస్తుంటే పారేయాల్సిందే. ఇది మోటు పరీక్షే, అయినా 150 రూపాయల జతను పట్టిస్తుంది. ఆ లైటులోకి మాత్రం నేరుగా చూడొద్దు. బస్టాండు అద్దాలు కూడా కొన్ని ఈ పరీక్షలో పాసవుతాయి. మీ ఆయన కొన్నవి అలాంటివే కావచ్చు, చూడండి. పాసైనా వాటిలో పవర్ లేదు కదా.

నా సలహా ఇది. ముందు కొత్తగా చూపు పరీక్ష చేయించండి. ఆ పవర్‌తో, పాలీకార్బొనేట్ అద్దంతో, బూడిద రంగు టింట్ వేసి ఒక జత చేయించండి. పాలీకార్బొనేట్ అంత తేలిగ్గా పగలదు, రాయి ఎగిరొచ్చినా కన్ను దక్కుతుంది. యూవీని దాదాపు పూర్తిగా ఆపే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. బూడిద రంగులో సిగ్నల్ లైట్ల రంగులు మారవు. అద్దం ఎంత నలుపో కేటగిరీ అంకెతో చెబుతారు, 2 లేదా 3 చాలు. కేటగిరీ 4 మంచు కొండల మీద వాడేది, దానితో బండి నడపకూడదు. చీకటి పడ్డాక వేసుకోవడానికి మామూలు తేట పవర్ అద్దాలు ఆటోలో ఉండాలి, వాటికీ యూవీ రక్షణ అడగండి. ఎండలో నల్లబడి నీడలో తేటయ్యే అద్దాలు కొనమని షాపులో చెప్పవచ్చు. అవి బాగా వేడిలో తక్కువగా నల్లబడతాయి. మన మే నెల ఎండలో రోజంతా తిరిగే మనిషికి నేను రాయను. మామూలు షాపులో ఈ టింట్ జత రెండు, రెండున్నర వేలలో వచ్చేస్తుంది.

అమ్మాయి మనసు నొచ్చుకోకుండా ఆ డబ్బుతోనే చేయించమనండి. మిగిలినదాంతో మీ ఇద్దరికీ పూర్తి కంటి పరీక్ష చేయించమనండి. నలభై దాటాక కంటి ప్రెషర్, షుగర్ ఉంటే వెనక రెటీనా చూపించుకోవాలి. ఆయన ఎరుపు, గరగర దుమ్మూ గాలీ వల్ల కన్ను ఆరిపోవడం కావచ్చు, కండ మొదలవడం కూడా కావచ్చు. అది డాక్టరు చూసి చెప్పాలి. అంతదాకా మందుల షాపులో అడిగి ఎరుపు తగ్గే చుక్కలు వేయొద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వేస్తే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లాలు కూడా వస్తాయి.

ప్రశ్న: షాపులో ఒక కార్డు చూపించారు. మామూలుగా కనిపించని బొమ్మ ఆ అద్దాలు పెట్టుకుంటే కనిపించింది. అది యూవీ పరీక్షేనా? బీచ్ రోడ్డులో రోజూ బైక్ మీద కాలేజీకి వెళ్తాను.
– డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కాదు బాబూ. ఆ కార్డు అద్దం పోలరైజ్డ్ అని చెబుతుంది, అంతే. నీళ్ల మీద, తడి రోడ్డు మీద, కారు బానెట్ మీద పడి వచ్చే జిగేలును పోలరైజ్డ్ అద్దం బాగా తగ్గిస్తుంది. సముద్రం పక్కన రోజూ బండి నడిపే నీకు హాయిగా ఉంటుంది, బడ్జెట్ ఉంటే తీసుకో. కానీ యూవీ400 విడిగా అడగాలి. కొన్ని ఫోన్, మీటర్ స్క్రీన్లు ఆ అద్దంలోంచి నల్లగా కనిపిస్తాయి. కొనేముందు నీ బైక్ మీటర్ కనిపిస్తోందో లేదో చూసుకో.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. జాతరలో కొన్న రంగు కళ్లద్దాలు తీయనంటున్నాడు. ఉంచొచ్చా?
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: ఎండలోకి వద్దమ్మా, ఇంట్లో ఆడుకోవడానికి మాత్రం ఇవ్వండి. పిల్లల కంటి లెన్సు చాలా తేటగా ఉంటుంది, పెద్దవాళ్ల కంటే ఎక్కువ యూవీ వెనక రెటీనా దాకా పోతుంది. బయటికి వెళ్లేటప్పుడు అంచు వెడల్పున్న టోపీ పెట్టండి. అద్దాలే కావాలని పేచీ పెడితే యూవీ400 ఉన్న పిల్లల జత, పగలని ప్లాస్టిక్‌ది, వాడికి నచ్చిన రంగు ఫ్రేములో కొనండి. రంగు వాణ్ణే ఎంచుకోనిస్తే తీయకుండా పెట్టుకుంటాడు.