కిటికీ పక్క సీటు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని కూడా అడగకుండా, "అన్నయ్యా, అమ్మాయి నన్ను పొగబండి ఎక్కిస్తుందట" అన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి గొంతులో ఆరేళ్ల పిల్లాడు వినిపించాడు నాకు. ఆఫీసు పనితో ఊపిరాడని నువ్వు, నాన్నకు ఇష్టమని గుర్తుపెట్టుకుని, నెల ముందే ముగ్గురికీ టికెట్లు తీశావని తెలిసి ఎంత పొంగిపోయానో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను. ఫోన్లో చెబితే "సరే పెద్దనాన్నా, సరే" అని మర్చిపోతావు. ఈ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకో.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. నీళ్ల సీసాలు, తడి గుడ్డ, బుజ్జిగాడికి ఇంకో జత బట్టలు. నూలు బట్టలు వేసుకోండి, ముదురు రంగువి. నైలాన్ మీద నిప్పురవ్వ పడితే అక్కడికక్కడే చిల్లి. సొరంగం ముందు కూత వినగానే కిటికీ దించేయండి, లేకపోతే పొగంతా పెట్టెలోకే వస్తుంది. ఫోటోలు ఓ పది తీసి ఫోన్ లోపల పెట్టు.

స్టేషన్‌కు మాత్రం గంట ముందే చేరండి. ఇది ఆలస్యమవుతుందన్న భయంతో చెప్పడం లేదు. బయలుదేరే ముందు ఇంజను దగ్గర నిలబడితే ప్రయాణంలో సగం ఆనందం అక్కడే దొరుకుతుంది. డీజిల్ ఇంజను ఆగితే ఆగినట్టే ఉంటుంది. ఆవిరి ఇంజను ఆగి ఉన్నా ఊపిరి తీస్తూనే ఉంటుంది. కింద ఎక్కడో చుక్కలు కారుతుంటాయి, పక్కనుంచి సన్నగా బుస కొడుతుంది, దగ్గరికి వెళ్తే ముఖానికి వేడి తగులుతుంది. వేడి నూనె, తడిసిన బొగ్గు కలిసిన ఆ వాసన ఒకసారి ముక్కుకెక్కితే జన్మలో పోదు. ఆవిరి ఎక్కువైతే సేఫ్టీ వాల్వు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఆ చప్పుడుకు పెద్దవాళ్లే ఉలిక్కిపడతారు. బుజ్జిగాడికి ముందే చెప్పి ఉంచు, చెవులు మూసుకుని నవ్వుతాడు. చెప్పకపోతే ఏడ్చి, మళ్లీ ఇంజను వైపే రానంటాడు.

వాడు ఎలా నడుస్తుందని అడుగుతాడు, అడగకుండా ఉండడు. తప్పించుకోకు. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలంటాయని చెప్పు. బాయిలర్‌లో ఆ చోటు దొరకదు కాబట్టి ఆవిరి సిలిండర్‌లోకి దూరి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ చక్రాన్ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోంచి పైకి పోయేటప్పుడు చేసే చప్పుడే ఆ 'ఛుక్'. రెండు సిలిండర్ల ఇంజనైతే చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు అంటుంది. బండి కదిలేటప్పుడు మెల్లగా ఉంటుంది కనుక వేళ్ల మీద లెక్కపెట్టించు. వేగం పెరిగాక ఎవరికీ అందదు.

ఇక అసలు సంగతి. బయటికి పోయే ఆ ఆవిరి ఊరికే పోదు. పోతూ పోతూ పొయ్యిలోకి గాలిని లాగుతుంది, దాంతో మంట రాజుకుంటుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే మంట అంత చెలరేగుతుంది, సగం కాలిన బొగ్గు నలుసులు అంత ఎక్కువగా పొగతోపాటు ఎగిరిపడతాయి. ఇంజను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడేది ఎత్తు ఎక్కేటప్పుడు. చూడటానికి అందంగా ఉండేదీ అప్పుడే. బండి మలుపు తిరుగుతుంది, ముందున్న ఇంజను పొగ కక్కుతూ కనిపిస్తుంది, పెట్టెలో వాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెడతారు.

మీ నాన్న ఎడమ కంట్లో తెల్లటి పువ్వు ఉంది కదా. ఎలా వచ్చిందని నువ్వు చిన్నప్పుడు అడిగితే "ఆడుకుంటుంటే దెబ్బ తగిలింది" అన్నాడు. మీ అమ్మకూ అదే చెప్పాడు. అది నిజం కాదు.

వాడికి ఆరేళ్లు, నాకు పదకొండు. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరికి వెళ్తున్నాం. అమ్మా నాన్నా ఎదురు బల్ల మీద కునుకు తీస్తున్నారు. కిటికీ పక్కన నేను కూర్చున్నాను, వాడికి ఇవ్వలేదు. చాలాసేపు బతిమాలాడు. చివరికి బండి గట్టు ఎక్కడం మొదలుపెట్టాక, పెద్ద మనసు చేసినట్టు వాణ్ని కిటికీ దగ్గర నిలబెట్టి, "ఇంకొంచెం ముందుకు వంగు, ఇంజను కనిపిస్తుంది" అన్నాను. కిటికీకి ఊచలు లేవు. పడిపోకుండా నిక్కరు పట్టీ గట్టిగా పట్టుకున్నాను. నాకున్న భయమల్లా వాడు పడతాడనే.

"కనిపించింది, కనిపించింది" అని గంతేశాడు. ఆ మరుక్షణమే "అన్నయ్యా" అని కన్ను పట్టుకున్నాడు.

అప్పుడైనా అమ్మను లేపి ఉంటే సరిపోయేది. దెబ్బలు పడతాయని భయపడ్డాను. నలుసు తీయడం నాకు తెలుసనుకున్నాను. చొక్కా కొనను నాలుకతో తడిపి, పురిపెట్టి, వాడి రెప్ప ఎత్తి తుడిచాను. రాలేదు. మళ్లీ తుడిచాను. వాడు నా మోకాలు గట్టిగా పట్టుకుని, ఏడుపు చప్పుడు బయటికి రాకుండా నోరు బిగించాడు. నేనే ఏడవొద్దన్నాను. నాన్నతో చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఊరు చేరాక పడుకుంటే తగ్గిపోతుందన్నాను. వాడు రెండు రోజులు ఎండలోకి రాకుండా గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అందరూ వడదెబ్బ అనుకున్నారు. మూడో రోజు పొద్దున కన్ను వాచి తెరుచుకోలేదు. డాక్టరు చూసి, నల్లగుడ్డు మీద గీరుకుపోయి పుండు పడిందన్నాడు. పుండు మానింది గానీ మచ్చ మిగిలింది, చూపు తిరిగి రాలేదు.

వాణ్ని ఎంత అడిగినా నా పేరు చెప్పలేదమ్మా. ఒట్టు వేశాడు కదా. పెద్దయ్యాక కూడా ఆ మాట ఎత్తలేదు. నేను ఒకసారి ఎత్తబోతే "ఆ రోజు ఇంజను భలే కనిపించిందన్నయ్యా" అన్నాడు, అంతే.

అందుకే చెబుతున్నాను, విను. ముగ్గురూ కళ్లద్దాలు పెట్టుకోండి. బుజ్జిగాడికి సైకిల్ తొక్కేవాళ్లు పెట్టుకునే, పక్కలు మూసి ఉన్న అద్దాలు కొను. మారాం చేస్తే మొత్తం మారాం చేయనీ, తీయకు. నువ్వు ఆ రోజు కాంటాక్టు లెన్సులు పెట్టుకోకు. తల బయట పెట్టొద్దు, వాడైనా నువ్వైనా. ఒకవేళ కంట్లో నలుసు పడితే చెయ్యి వెళ్లనివ్వకు. రుద్దొద్దు, గుడ్డతో తుడవొద్దు. మంచినీళ్లు ధారగా పోసి కడుగు, రెప్పలు కొట్టించు. పోలేదంటే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించు, తెల్లారేదాకా ఆగొద్దు. పోయిన తర్వాత కూడా గరగరమంటుంటే చూపించాల్సిందే. అన్నిటికన్నా ముందు, ఏం జరిగినా తిట్టనని వాడితో ముందే చెప్పు. పిల్లలు నొప్పిని దాచేది తిట్లకు భయపడే.

వెనక పెట్టెల్లో కూర్చుంటే నలుసులు తక్కువ. పైగా తల బయట పెట్టకుండానే మలుపుల్లో ఇంజను కనిపించేది వెనకవాళ్లకే. అయితే ఇంజను ఎటువైపు ఉంటుందో ముందు కనుక్కో. మేట్టుపాళయం నుంచి కూనూరుకు ఎక్కే నీలగిరి బండికి ఇంజను వెనక ఉండి నెడుతుంది. అక్కడ 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు ఉంటుంది కనుక పట్టాల మధ్య పళ్ల కమ్మీ కూడా వేశారు. దిగేటప్పుడు అదే ఇంజను ముందుంటుంది. అలాంటి దారుల్లో ఎక్కేటప్పటి లెక్క దిగేటప్పుడు పనికిరాదు.

నీళ్లు పట్టడానికి బండి ఆగితే, గార్డు దిగమంటేనే దిగండి, అదీ ప్లాట్‌ఫారం వైపే. 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్, మాంచెస్టర్ రైలు మార్గం ప్రారంభం రోజున ఇంజను నీళ్లకు ఆగింది. దిగొద్దని చెప్పినా చాలామంది దిగారు. వాళ్లలో విలియం హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు పక్క పట్టాల మీద వచ్చిన రాకెట్ ఇంజను కింద పడి ఆ రాత్రే చనిపోయాడు. నువ్వు కంగారుపడతావని తెలిసే రాస్తున్నాను. బుజ్జిగాడి చెయ్యి వదలకు.

ఇన్ని చెప్పానని ప్రయాణం మానుకునేవు. వెళ్లు తల్లీ, తప్పకుండా వెళ్లు. పొద్దున చలిలో అయితే ఆవిరి ఎక్కువ తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చెట్ల కొమ్మల్లో చిక్కుకుని కాసేపు అలాగే నిలుస్తుంది. కూత లోయలోకి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు మీ నాన్న ముఖం చూడు.

ఇక సీట్ల సంగతి. మీ నాన్నను ఇంజనుకు వీపు పెట్టి కూర్చోబెట్టు. పొగ ముఖానికి కొట్టదు. పైగా అలా కూర్చుంటే కొండ మెల్లగా వెనక్కి జరుగుతూ చాలాసేపు కళ్ల ముందే ఉంటుంది. కిటికీ వాడి కుడిచేతి వైపు ఉండాలి, అంటే బండి వెళ్లే దిక్కుకు ఎడమవైపు వరస. వాడికి కనిపించేది కుడికన్నే కదా. ఆ సీటు రాకపోతే పక్కవాళ్లను అడిగి మార్పించు. వాడు తనంతట తాను అడగడు, బుజ్జిగాడికి ఇచ్చేస్తానంటాడు. ఇవ్వనివ్వకు. ఈసారి కిటికీ వాడిదే.

మీ పెద్దనాన్న