కవర్లు ఇరుక్కోవడం, మూత అంటుకోవడం: సమాధానం

తిరుపతి ఆఫీసులో లేజర్ ప్రింటర్ కింది ట్రేలో డీఎల్ సైజు (ఉత్తరాలకు వాడే పొడవాటి) కవర్లు ఇరుక్కుంటున్నాయనీ, బయటికొచ్చినవి మూత అంటుకుపోయి వస్తున్నాయనీ రాశారు కదండీ. కింది ట్రే నుంచి కాగితం వంపు తిరిగి పైకి రావాలి, మందంగా ఉండే కవరుకు అది పడదు. చేత్తో కాగితం పెట్టే మాన్యువల్ ట్రేలో ఐదారుకు మించకుండా పెట్టండి. పెట్టేముందు అంచులను స్కేలుతో గట్టిగా రుద్ది లోపలి గాలి తీసేయండి, ముడతలు చాలావరకు తగ్గుతాయి. మూత ఎటువైపుండాలో ట్రే మీది బొమ్మ చెబుతుంది. సెట్టింగ్స్‌లో సైజు 110 × 220 మి.మీ., పేపర్ టైప్ ఎన్వలప్ అని మార్చండి. వెనక తలుపుంటే తెరవండి, కవరు తిన్నగా బయటికొస్తుంది.

మూత అంటుకోవడానికి కారణం ఫ్యూజర్ (టోనర్ పొడిని వేడితో కాగితానికి అంటించే భాగం) వేడికి జిగురు కరగడం. నవంబరు వానల్లో చెమ్మ తోడైతే మరీను. విప్పిన కట్టను బీరువాలో, ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. ప్లాస్టిక్ కిటికీ కవర్లు, టేపు పీకి అంటించే రకం మాత్రం లేజర్‌లో అసలు పెట్టొద్దండీ, కరిగి ఫ్యూజర్‌కే అంటుకోవచ్చు.